చెవి లోతు తెలిసిన బేకేషీ

కన్ను చెడినవానిని చూచినంతనే పోల్చుకొనవచ్చును. చెవి చెడినవానిని అట్లు పోల్చుకొనుట కష్టము. పిలిచినను పలుకని బాలుని పెంకివాడందురు. పాఠము వినబడని బాలుని మందమతి యందురు. వినికిడి తగ్గిన ముసలివానిని పరధ్యానము గలవాడని యింటివారే విసుగుకొందురు. వానికి ఎంత వినబడుచున్నదో, ఏ ధ్వని వినబడుట లేదో, లోపము చెవిలో ఏ చోట నున్నదో ఎవరును కొలిచి చూడకపోవుటచేతనే యిట్టి అన్యాయములు జరుగుచుండును.

అయినను వినికిడిని కొలుచుట సులభమైన పని కాదు. పూర్వము వైద్యుడు గదిలో ఒక మూల నిలిచి గుసగుసగా కొన్ని మాటలు పలికెడివాడు. రోగి రెండవ మూలనుండి వానిని మరల చెప్పవలెను. కొందఱు గడియారమును చెవికి చేరువగా పట్టి, దాని టిక్కుటిక్కు మను చప్పుడు ఎంత దూరమువఱకు వినబడునో చూచెడివారు. జర్మనీ దేశమున వెబరు 1834లోను, రిన్నె 1855లోను శ్రుతిదండముతో చేయు పరీక్షలను వివరించిరి. రిన్నె పరీక్షలో మ్రోగుచున్న శ్రుతిదండమును మొదట చెవి వెనుక నున్న ఎముకపై ఆనింతురు. ఆ నాదము వినబడుట ఆగిన తోడనే దానిని తీసి చెవి యెదుట పట్టుదురు. ఆరోగ్యముగల చెవికి అది తిరిగి వినబడును. అట్లు వినబడక, ఎముకపై నున్నప్పుడే బాగుగా వినబడినచో, ధ్వని లోపలికి పోవు దారిలో ఏదో అడ్డున్నదని తెలియును. ఈ పరీక్షలు నేటికిని పనికివచ్చుచున్నవి. కాని ఒక వైద్యుని గుసగుస మఱియొక వైద్యుని గుసగుస వలె నుండదు. ఒకడు శ్రుతిదండమును గట్టిగా కొట్టును, మఱియొకడు మెల్లగా కొట్టును. ఇట్టి పరీక్ష లోపమున్నదని చెప్పగలదే గాని, ఎంత యున్నదో చెప్పజాలదు.

ఇరువదవ శతాబ్దమున విద్యుత్తుతో పనిచేయు శ్రవణమాపకములు వచ్చి, ఈ ఊహను కొలతగా మార్చెను. చెవి లోపల ఏమి జరుగుచున్నదో కన్నులార చూచి, ఆ కొలతకు లోతు కల్పించినవాడు హంగేరీ దేశీయుడగు గేయోర్గ్ ఫాన్ బేకేషీ. చిత్రమేమనగా, ఆయన వైద్యుడు కాడు. టెలిఫోను తీగెల మంచిచెడ్డలు చూచు తపాలా శాఖలో ఉద్యోగి.

బేకేషీ 1899 జూన్ 3వ తేదీన బుడాపెస్టు నగరమున జన్మించెను. ముగ్గురు బిడ్డలలో ఆయనయే పెద్దవాడు. తండ్రి అలెగ్జాండరు దౌత్యశాఖలో పనిచేయువాడగుటచే కుటుంబము ఒక్క చోట స్థిరముగా నుండుటకు వీలు లేకపోయెను. మ్యూనిక్, నేడు ఇస్తాంబుల్ అని పిలువబడు కాన్‌స్టాంటినోపిల్, బుడాపెస్టు, జ్యూరిచ్ నగరములలో ఆయన బాల్యము గడచెను. పియానో వాయించుటయందు ఆయనకు మిక్కిలి ప్రీతి యుండెను. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రము చదివి, పిమ్మట స్వదేశమునకు మరలి, 1923లో బుడాపెస్టు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో డాక్టరు పట్టము పొందెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఓడిపోయిన హంగేరీ అప్పుడు మిక్కిలి చితికిపోయి యుండెను. పరిశోధనకు కావలసిన ఉపకరణములు విశ్వవిద్యాలయములలో సయితము అరుదుగా నుండెను. టెలిఫోను తీగెలను నడపు తపాలా శాఖవారి ప్రయోగశాలలో మాత్రము అవి కొంత సమృద్ధిగా నుండెను. అందుచేత బేకేషీ 1923లో అందు ఉద్యోగమున చేరెను. నడుమ ఒక సంవత్సరకాలము బెర్లినులో సీమెన్స్ హాల్స్కె సంస్థయందు గడపుట తప్ప, 1946 వఱకు ఆ శాఖయే ఆయనకు ఆధారము.

పొరుగు దేశములకు పోవు దూరపు తీగెలు సరిగా నున్నవో లేవో పరీక్షించుట అచ్చటి పనులలో ఒకటి. వేర్వేఱు స్థాయిల ధ్వనులను ఒకదాని వెంట నొకటి తీగెలోనికి పంపి కొలుచుటకు చాల కాలము పట్టుచుండెను. వీణకు శ్రుతి చేయువాడు ఏమి చేయును? తీగెను వ్రేలితో ఒక్కమాఱు మీటి, దాని పలుకును విని, శ్రుతి కుదిరినదో లేదో చెప్పును. బేకేషీయు సంగీతము తెలిసినవాడగుటచే ఆ యుపాయమునే టెలిఫోను తీగెకు పట్టించెను. తీగెలోనికి చిటుక్కుమను ఒక్క ధ్వనిని పంపి, అది తిరిగి పలికిన తీరునుబట్టి దాని యోగ్యతను గ్రహించెను. ఆ చిటుకు ధ్వని ఆయనను మఱియొక ప్రశ్నవైపు నడపెను.

టెలిఫోనులో మాట స్పష్టముగా వినబడుట లేదని అందఱును ఫిర్యాదు చేయుచుండిరి. శాఖవారు ధనము వెచ్చించి బాగుచేయవలసినది ఏది? తీగెయా, చెవికి ఆనించు పరికరమా, లేక అసలు మనుజుని చెవియే అంతకంటె బాగుగా వినజాలదా? చెవియే చాలనిదైనచో పరికరమును ఎంత మెఱుగుపఱచినను ప్రయోజన ముండదు. ఈ ప్రశ్నకు కర్ణభేరినే అడుగవలెనని ఆయన నిశ్చయించెను. చిటుకు ధ్వని తగిలినప్పుడు టెలిఫోనులోని రేకు చాలసేపు కదలుచుండును. కర్ణభేరి వెంటనే నిశ్చలమగును. చెవి టెలిఫోనుకంటె ఎంతయో మేలైన యంత్రమని దీనిచే తేలెను. ప్రభుత్వమువారికి జవాబు దొరకెను. కాని బేకేషీకి ఆ జవాబుతో తృప్తి కలుగలేదు. ఇంతటి మేలైన యంత్రము లోపల ఎట్లు పనిచేయుచున్నదో చూడవలెనను కోరిక ఆయనను పట్టుకొనెను.

ఇచ్చట చెవి నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. ధ్వని బయటి చెవి నాళమున ప్రవేశించి కర్ణభేరిని కదిలించును. దానిని అంటియున్న కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందించును. లోపలి చెవిలో నత్తగుల్ల వలె రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తము కలదు. దాని నిండ ద్రవ ముండును. ఆ చుట్ల పొడవునను బేసిలార్ త్వచము అను పలుచని పొర పఱచియుండును. దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ పొరపైనున్న రోమకణములు కదలికను గ్రహించి శ్రవణనాడికి అందింపగా, నాడి దానిని మెదడునకు చేర్చును.

మనము ఒక పాటలో గల హెచ్చు శ్రుతిని, తగ్గు శ్రుతిని వేర్వేఱుగా గుర్తింపగలము. ఆ పని ఆ చిన్న పొర ఎట్లు చేయుచున్నది? జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ పియానోలోని తీగెల వలె ఆ పొరలోని నారలు ఒక్కొక్కటి ఒక్కొక్క శ్రుతికి స్పందించునని చెప్పెను. మఱికొందఱు పొర యంతయు ఒక్కమాఱుగా కదలునని వాదించిరి. ఇంకను వేఱు వాదములు రెండుండెను. మొత్తము నాలుగు వాదములు; ఒక్కొక్క వాదమునకు గొప్ప గొప్ప పేర్లు అండ. దశాబ్దముల తరబడి పండితులు వాదించుకొనిరే గాని చెవి లోపలికి తొంగిచూచినవారు లేరు.

బేకేషీ మొదట చెవికి ఒక నమూనా తయారుచేసెను. అది నీటితో నింపిన ఒక పెట్టె. దాని నడుమ పలుచని పొర యొకటి. ఆ పొర బిగువును మార్చుచు ధ్వనిని పంపి చూచెను. ఫలితము ఆశ్చర్యకరము. పొరను ఒక విధముగా నమర్చినచో మొదటి వాదము నిజమగుచుండెను. మఱియొక విధముగా నమర్చినచో రెండవది నిజమగుచుండెను. నాలుగు వాదములును ఆ ఒక్క పెట్టెలోనే వరుసగా సత్యములై కనబడెను. కాబట్టి వాదములలో ఏదియు అసంభవము కాదు. మనుజుని చెవిలోని పొర బిగువు ఎంతయో, దాని యొక భాగము ప్రక్క భాగముతో ఎట్లు కూడియున్నదో కొలిచినగాని తగవు తీరదు. ఆయన గొప్పతన మంతయు ఇచ్చటనే యున్నదని చెప్పవచ్చును. వాదములో ఒక పక్షమును పట్టక, కొలువవలసినది ఏదియో ఆయన కనుగొనెను.

ఇక అసలు చెవిని చూడవలెను. అది దేహములోని మిక్కిలి గట్టి ఎముకలలో ఒకదాని నడుమ దాగియున్నది. మరణానంతరము లోపలి పొరల బిగువు త్వరగా మారిపోవును. కావున ఆసుపత్రులలో శవపరీక్షలు జరుగు గదులనుండి చెవి యెముకలను సంపాదించి, ఆలస్యము చేయక పనిచేయవలసి యుండెను. తపాలా శాఖవారి పనిశాలలోని తొలిచే యంత్రముతో ఆయన వానిని చెక్కుచుండెను. ఉదయమున పనికి వచ్చిన కార్మికులకు యంత్రమంతయు ఎముకల పొడితో నిండియుండుట ఏమాత్రము రుచింపలేదు. టెలిఫోను కచ్చేరీలో శవముల ఎముకలతో పని యేమని వారు గొణగుకొనుట సహజమే కదా!

పొర ఆరిపోకుండుటకై ఆయన ఆ ఎముకను నీటిలో నుంచి, నీటిలోనే చూడగల సూక్ష్మదర్శినిని ఏర్పఱచుకొనెను. కోయుటకును తొలుచుటకును కావలసిన అతి చిన్న పనిముట్లను తానే సిద్ధపఱచుకొనెను. కర్ణావర్తములోని పొరలు గాజువలె పారదర్శకములు; వాని కదలిక కంటికి ఆనదు. అందుచే వెండి రజమును వానిపై చల్లి, మెఱయు ఆ కణముల కదలికను చూచెను. అయినను సెకనుకు వందలసార్లు కదలు దానిని కన్ను పట్టలేదు. దానికి స్ట్రోబోస్కోపు అను దీపమును వాడెను. పొర కదలు వేగముతో ఇంచుమించు సరిపోవునట్లు ఆ దీపము వెలుగుచు ఆఱుచుండును. అప్పుడు వేగముగా కదలు వస్తువు నెమ్మదిగా కదలుచున్నట్లు కనబడును.

అట్లు చూచినప్పుడు ఆయనకు కనబడినది నాలుగు వాదములలో ఎక్కువమంది నమ్మినది కాదు. అది ఒక తరంగము. పొడవైన త్రాటి కొనను పట్టి విదలించినచో ఒక అల త్రాటివెంట ప్రాకిపోవుట మీరు చూచియుందురు. అటులనే ధ్వని ప్రవేశించిన చోట పుట్టిన అల బేసిలార్ త్వచము వెంట ముందునకు సాగి, పోను పోను పెద్దదై, ఒక చోట మిక్కిలి ఎత్తుగా లేచి, పిమ్మట వెంటనే అణగిపోవుచుండెను. ధ్వని శ్రుతి హెచ్చినచో అల ప్రవేశద్వారమునకు దగ్గఱగానే ఎత్తుగా లేచును. శ్రుతి తగ్గినచో కర్ణావర్తపు చివఱివఱకు పోయి లేచును. ప్రవేశద్వారమువద్ద పొర సన్నముగా, బిగువుగా నుండుటయు, చివర వెడల్పుగా, వదులుగా నుండుటయు దీనికి కారణము. ఈ విషయమును తెలుపు తొలి వ్యాసమును ఆయన 1928లో ప్రకటించెను. తరువాతి కాలమున కోడి, ఎలుక, ఆవు మొదలు ఏనుగు వఱకు అనేక జంతువుల చెవులను పరీక్షించి, అన్నిటియందును ఈ అలనే చూచెను.

చెవి వైద్యములో నోబెల్ బహుమానము పొందిన రాబర్ట్ బారాన్యి ఈయన ప్రజ్ఞను గుర్తించి స్వీడనులోని ఉప్సాలాకు రమ్మని ఆహ్వానించెను. అచ్చటి చలికాలము కఠినమని బేకేషీ పోలేదు. పెద్ద ఉద్యోగమును చలికి జడిసి వదలుకొనుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. కాని తన పనికి తగిన సుఖము ఎంతయో ఎఱిగినవాడే దీర్ఘకాలము పనిచేయగలడు.

1932లో ఆయన ప్రకటించిన ఒక ప్రయోగము చెవిపరీక్ష చేయు ప్రతివానికిని ముఖ్యమైనది. ధ్వని గాలిద్వారా వచ్చినను, తల యెముకద్వారా వచ్చినను మనకు వినబడును. ఈ రెండు ధ్వనులును లోపలి చెవిలో ఒకే విధముగా పనిచేయునా? బేకేషీ ఒకే శ్రుతిగల రెండు ధ్వనులను, ఒకటి ఎముకకును, ఒకటి గాలిద్వారా చెవికిని, ఒక్కమాఱుగా పంపెను. ఒకదాని బలమును, కదలికను మెల్లమెల్లగా సవరింపగా, రెండును ఒకదానినొకటి చంపుకొని నిశ్శబ్దమయ్యెను. ఎదురెదురుగా వచ్చిన రెండు అలలు సమమై నీరు నిశ్చలమైనట్లు ఇది జరిగెను. రెండు దారులును చివఱకు ఒకే పొరను కదిలించుచున్నవని దీనివలన స్థిరపడెను.

నేడు వినికిడి యంత్రములు అమర్చు విద్య నేర్చువారికి మొదట చెప్పు పాఠములలో ఇదియొకటి. వారు మొదట చెవులపై శ్రవణికలు తగిలించి గాలిదారిని కొలుతురు. పిమ్మట చెవి వెనుక ఎముకపై చిన్న కంపకమును ఆనించి ఎముకదారిని కొలుతురు. ఎముకదారి బాగుగా నుండి గాలిదారి చెడినచో, లోపము కర్ణభేరిలోనో మూడు చిన్న ఎముకలలోనో యున్నది. దానిని తఱచుగా వైద్యుడు బాగుచేయగలడు. రెండును సమముగా చెడినచో లోపము లోపలి చెవిలోనో, నాడిలోనో యున్నది. ఇందొక చిక్కు కలదు. కంపకమును కుడిచెవి వెనుక ఆనించినను పుఱ్ఱె యంతయు కదలుటచే ఎడమచెవియు వినును. శ్రవణికల ధ్వనియు సుమారు 40 డెసిబెల్లు దాటినచో రెండవ చెవికి పాకవచ్చును. కుడిచెవి పూర్తిగా చెడినవాడు ఎడమచెవితో విని, వినబడుచున్నదని చెప్పును, పరీక్షకుడు మోసపోవును. అందుచే రెండవ చెవికి హోరు వినిపించి దానిని పనిలో నుంచి, పరీక్షింపవలసిన చెవినే పరీక్షింతురు. ఆ హోరు తక్కువైనచో పని జరుగదు. ఎక్కువైనచో అది ఇవతలి చెవికి పాకి పరీక్షను చెఱచును. ఈ తూకము నేర్చుకొనుటకే శిష్యులకు చాల అభ్యాసము కావలెను.

1940లో బేకేషీ బుడాపెస్టు విశ్వవిద్యాలయమున ప్రయోగాత్మక భౌతికశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. కాని రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1944-45 సంవత్సరముల ముట్టడిలో బుడాపెస్టు నగరము శిథిలమయ్యెను. 1946లో ఆయన స్వదేశమును విడిచి, పూర్వము చలికి జడిసి కాదన్న ఆ స్వీడను దేశమునకే చేరి, స్టాక్‌హోములోని కరోలిన్‌స్కా సంస్థయందు పనిచేసెను. అక్కడనే ఆయన పేరుతో ప్రసిద్ధమైన శ్రవణమాపకము రూపుదాల్చెను. దానిని వివరించు వ్యాసము 1947లో వెలువడెను.

అంతకుముందున్న యంత్రములలో పరీక్షకుడు మీట త్రిప్పి ధ్వనిని హెచ్చించుచు తగ్గించుచు, వినబడుచున్నదా యని రోగిని అడుగుచుండెను. బేకేషీ మీటను రోగి చేతికే యిచ్చెను. ధ్వని వినబడుచున్నంతసేపు రోగి ఒక గుండీని నొక్కిపట్టును. నొక్కినప్పుడు ధ్వని తనంతట తాను తగ్గిపోవుచుండును. వినబడుట ఆగగానే రోగి గుండీని వదలును. వదలినప్పుడు ధ్వని తిరిగి హెచ్చును. ఇట్లు నొక్కుచు వదలుచు నుండగా, యంత్రమునకు తగిలించిన కలము కాగితముపై రంపపు పండ్ల వంటి గీతను గీయును. ఈ లోపల ధ్వని శ్రుతి తక్కువనుండి ఎక్కువకు మెల్లగా మారుచుండును. కొంతసేపటికి రోగి వినికిడి యంతయు ఆ కాగితముపై నుండును. ఆ పండ్ల నడిమి భాగమే వినికిడి హద్దు. అది పరీక్షకుని యూహ కాదు, రోగి తన చేతితో తానే వ్రాసికొన్న లెక్క. ఈ ఉపాయము ఎంత సులభమైనదనగా, అటు తరువాత అమెరికాలో ఒక పరిశోధకుడు పావురములకు ఇట్టి యుపాయమునే నేర్పి, అవి ఎంత మసక వెలుతురును చూడగలవో కొలిచెను. వెలుతురు కనబడినప్పుడు ఒక మీటను, కనబడనప్పుడు మఱియొక మీటను అవి ముక్కుతో పొడుచుచుండెను.

ఆ రంపపు పండ్ల పొడవులోను అర్థ మున్నది. మంచి చెవిగలవాని గీతలో పండ్లు పొడుగుగా నుండును; లోపలి చెవి చెడినవాని గీతలో తఱచుగా అవి పొట్టిగా నుండును. దీని భావ మేమి? వినికిడి తగ్గిన తాత మనుమని మెల్లగా మాటలాడినప్పుడు వినబడలేదు, గట్టిగా చెప్పు మనును. మనుమడు గొంతు కొంచెము పెంచగానే, ఏల అరచెద వని కసరును. మనుమనికి ఇది అన్యాయముగా తోచును. కాని తాత చెప్పినవి రెండును నిజములే. లోపలి చెవిలోని కణములు చెడినప్పుడు సన్నని ధ్వని వినబడదు. ధ్వని కొంచెము పెరుగగానే అది చెవికి భరింపరానంత పెద్దదిగా తోచును. ఇట్టివానికి అన్ని ధ్వనులను ఒకే రీతిగా పెంచు యంత్రము నిచ్చినచో వాడు దానిని తీసి పెట్టెలో పడవేయును. సన్నని ధ్వనిని ఎక్కువగాను, పెద్ద ధ్వనిని తక్కువగాను పెంచు యంత్రములు నేడు కలవు.

1960లో జేమ్స్ జెర్గర్ అను అమెరికా పండితుడు ఈ యంత్రముతో రెండు గీతలు గీయించి పోల్చెను. ఒకటి తెంపులేని ధ్వనికి, రెండవది ఆగి ఆగి వచ్చు ధ్వనికి. మధ్యచెవి లోపమున రెండు గీతలును కలిసి నడచును. శ్రవణనాడిపై కంతి పెరుగుచున్నచో తెంపులేని ధ్వని రోగికి క్షణక్షణము మాయమగుచుండును. ఆ గీత క్రిందికి జారిపోవును. ఇట్టి కంతి పెరిగినకొలది ప్రాణాపాయము. నాడిలోని విద్యుత్తును, మెదడు చిత్రములను తీయు యంత్రములు వచ్చిన తరువాత ఈ పరీక్ష వాడుక తగ్గినది. కాని అవి లేని రోజులలో తల తెఱవకుండ లోపము చోటును సూచించిన పద్ధతులలో ఇది యొకటి.

1947లోనే బేకేషీ అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. ఒక పెద్ద భవనపు నేలమాళిగలో ఆయన ప్రయోగశాల యుండెను. అచ్చట చేసిన పనులలో మనుష్యులను ఆశ్చర్యపఱచినది ముంజేతితో వినుట. నీరు నింపిన గొట్టము పొడవునను పొర బిగించి, కర్ణావర్తమునకు పెద్ద నమూనాను చేసి, దానిపై ముంజేతిని ఆనింపజేసెను. ధ్వని పంపగా అల గొట్టమంతయు ప్రాకుచున్నను, చేతికి మాత్రము ఒక చిన్న చోటనే స్పర్శ తెలిసెను. శ్రుతి మార్చగా ఆ చోటును మారెను. పొరపై అల విశాలముగా నున్నను, నాడులు ప్రక్కనున్న కదలికలను అణచి, శిఖరమును మాత్రము గ్రహించునని ఆయన దీనినుండి ఊహించెను.

ఆయన వివాహము చేసికొనలేదు. తన వ్యాసములను మిత్రులకంటె విరోధులకు చూపుట మేలని ఆయన అభిప్రాయము. మిత్రుడు మొగమాటముచే తప్పును దాచును. విరోధి ఓపికతో వెదకి పట్టును. అట్టి విరోధులు కొందఱు కాలక్రమమున మిత్రులగుటచే తనకు నష్టము కలిగినదని ఆయన పరిహాసము చేసెడివాడు. 1960లో తన పరిశోధనలనన్నిటిని గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. మఱు సంవత్సరము, అనగా 1961లో, కర్ణావర్తములో ధ్వని కలిగించు చలనమును కనుగొన్నందులకు ఆయనకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

1965లో హార్వర్డులోని ఆయన ప్రయోగశాల అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. అప్పటికి ఆయన వయస్సు అరువదియాఱు. మఱియొకడైనచో ఇంక చాలునని ఊరకుండెడివాడు. ఆయన హవాయి విశ్వవిద్యాలయమువారి ఆహ్వానముపై 1966లో హొనొలులూ నగరమునకు పోయి క్రొత్త ప్రయోగశాలయందు పని మొదలుపెట్టెను. ఆయనకు ప్రాచీన కళాఖండము లనిన ప్రాణము. ఆసియా కళలలో నిపుణుడని పేరు పొందెను. 1972 జూన్ 13వ తేదీన హొనొలులూలో ఆయన మరణించెను. జీవితమంతయు కూడబెట్టిన కళాఖండములు నోబెల్ సంస్థకు చెందెను.

ఆయన చూచినది మృతదేహముల చెవి. అందులో కంటికి ఆనునంత కదలిక పుట్టించుటకు మిక్కిలి పెద్ద ధ్వనులు వాడవలసి వచ్చెను. ఆ అల శిఖరము వెడల్పుగా నుండుట చూచి, మనము శ్రుతులను ఇంత సూక్ష్మముగా ఎట్లు గుర్తించుచున్నామని విరోధులు అడుగుచునే యుండిరి. ఆయన జీవించియుండగనే, 1971లో, విలియమ్ రోడ్ అను పరిశోధకుడు బ్రతికియున్న కోతి చెవిని కొలిచెను. సన్నని ధ్వనికి అందులోని అల బేకేషీ చూచినదానికంటె ఎంతయో పదునుగా లేచెను. ప్రాణము పోగానే ఆ పదును పోయెను. బ్రతికియున్న చెవి ధ్వనిని ఊరక గ్రహించుటయే కాక, తన రోమకణముల బలముతో దానిని పెంచుచున్నది. అల యున్నదని బేకేషీ చెప్పినది నిలిచెను. ఆ అలకు ప్రాణమిచ్చు శక్తి మాత్రము శవములో ఆయనకు కనబడలేదు.

1978లో లండను నగరమున డేవిడ్ కెంప్ ఒక చిటుకు ధ్వనిని చెవిలోనికి పంపి, అతి సున్నితమైన మైక్రోఫోనుతో వినగా, కొన్ని మిల్లీసెకనుల తరువాత చెవిలోనుండి సన్నని ప్రతిధ్వని వెలికి వచ్చెను. పనిచేయుచున్న చెవి తానే పలుకుచున్నది. ఈనాడు పసిబిడ్డ పుట్టిన కొద్ది దినములకే, వాడు నిద్రించుచుండగా, చెవిలో మెత్తని బిరడా యుంచి ఈ ప్రతిధ్వనిని వెదకుచున్నారు. గుండీ నొక్కుటకు వానికి చేతనగునది కాదు. వినబడుచున్నదని చెప్పుటకు వానికి మాటయు రాదు. చిటుకు ధ్వని పంపుదురు. చెవి పలికినచో పరీక్ష ముగియును, పలుకనిచో ఆ బిడ్డకు మాటలు నేర్చు వయస్సు రాకముందే మరల పరీక్షింతురు.